ఒకే సెట్టింగ్, రెండు సైజులు: వీడియో ఎన్‌కోడింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో వీడియో ఫైలు సైజు గురించినవే ఎక్కువ. అన్నిటికీ అడుగున ఉన్న లెక్క ఒకటే కనుక ముందు అది చెప్పేసి జవాబుల్లోకి వెళ్తాం. బిట్‌రేట్‌ను, అంటే సెకనుకు వాడే బిట్లను, సెకన్లతో గుణించి 8తో భాగిస్తే వచ్చేదే ఫైలు సైజు. సెకనుకు 8 మెగాబిట్ల వీడియో గంటసేపు ఉంటే 8 × 3600 ÷ 8, అంటే 3600 ఎంబీ. రిజల్యూషన్, కోడెక్ (హెచ్.264, హెచ్.265 లాంటి కుదింపు పద్ధతి), ప్రీసెట్ (వీడియోను కుదించే ఎన్‌కోడర్ ఎంత ఓపిగ్గా పనిచేయాలో చెప్పే సెట్టింగ్) ఏవీ ఈ లెక్కలో కనిపించవు. ఫలానా నాణ్యత రావాలంటే ఎంత బిట్‌రేట్ ఖర్చవుతుందో తేల్చడం వరకే వాటి పని. అందుకని ఎన్‌కోడర్‌కి మీరు రెండిట్లో ఏదో ఒక్కటే చెప్పగలరు. ‘ఈ నాణ్యత ఇవ్వు, సైజు ఎంతైనా సరే’ అనాలి, లేదా ‘ఈ సైజులో సర్దు, నాణ్యత ఎంతొస్తే అంతే’ అనాలి. రెండూ ఒకేసారి కావాలనుకోవడం దగ్గరే చాలామంది ఇబ్బంది పడుతున్నారు.

ప్రశ్న: మాది పెళ్లి వీడియోల స్టూడియో. హ్యాండ్‌బ్రేక్ అనే ఎన్‌కోడింగ్ సాఫ్ట్‌వేర్‌లో హెచ్.264, 1080పీ, ఆర్‌ఎఫ్ 22, మీడియం ప్రీసెట్ పెట్టి ఒకే పెళ్లి నుంచి రెండు భాగాలు ఎన్‌కోడ్ చేశాం. రెండూ 45 నిమిషాలే. పొద్దున జరిగిన వ్రతం భాగం 1.4 జీబీ వచ్చింది, రాత్రి ముహూర్తం భాగం 3.9 జీబీ అయింది. సెట్టింగ్ ఒకటే కదా, ఇంత తేడా ఎందుకు?
— స్టూడియో యజమాని, జనగామ

జవాబు: సెట్టింగ్ ఒకటే కాబట్టే తేడా వచ్చింది. ఆర్‌ఎఫ్ అనేది నాణ్యతకు పెట్టే అంకె, అది తగ్గేకొద్దీ నాణ్యతా సైజూ పెరుగుతాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో దీన్నే సీఆర్‌ఎఫ్ అంటారు. దృశ్యం ఎంత కష్టంగా ఉంటే అంత బిట్‌రేట్ వాడుకోమని మీరే అనుమతి ఇచ్చారు. మీ మొదటి ఫైలు సగటున సెకనుకు సుమారు 4 మెగాబిట్లు వాడుకుంటే, రెండోది 11.5 దాకా వాడుకుంది.

కష్టం ఎక్కడిదంటే, ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమునూ మొత్తంగా దాచదు. అప్పుడప్పుడూ ఒక కీఫ్రేమును పూర్తిగా దాచి, తర్వాతి ఫ్రేముల్లో ‘ఈ ముక్క అటు జరిగింది, ఆ ముక్క అలాగే ఉంది’ అనే సమాచారాన్నీ, మిగిలిన తేడానీ మాత్రమే రాసుకుంటుంది. వ్రతంలో పీటల మీద కూర్చున్న దంపతులు పెద్దగా కదలరు, వెనక గోడ అసలే కదలదు. తలంబ్రాల దగ్గర కథ వేరు. బియ్యం, రంగురంగుల థర్మాకోల్ పూసలు వందల కొద్దీ గాల్లో ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు పోతుంటాయి. ఎన్‌కోడర్ పోల్చి చూసే ముక్క కన్నా ఆ పూసే చిన్నది. ముందు ఫ్రేములో దాని ఆచూకీ దొరకదు కాబట్టి దాదాపు అంతా కొత్తగా రాయాల్సి వస్తుంది. స్టేజీ వెనక ఎల్‌ఈడీ తెర, పొగ మిషన్, మినుకుమినుకుమనే సీరియల్ లైట్లు కూడా ఇలాంటివే. ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టిన ప్రతిసారీ తెరంతా ఒక్క ఫ్రేముకు తెల్లబడుతుంది. సీన్ మారిందనుకుని ఎన్‌కోడర్ కొన్నిసార్లు అక్కడ కొత్త కీఫ్రేమే వేసేస్తుంది.

వీటన్నిటికన్నా ఎక్కువ బిట్‌రేట్ తినేది మాత్రం కెమెరా నాయిస్. రాత్రి ముహూర్తానికి ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచి తీస్తారు కదా, నల్లటి చోట్ల మరుగుతున్నట్టు కనిపించే ఆ చుక్కలకు ఒక వరస అంటూ ఉండదు. ఏ ఫ్రేముకు ఆ ఫ్రేము కొత్తే. ఎన్‌కోడర్‌కు అది నాయిస్ అని తెలియదు, పట్టుచీర జరీ ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యమనుకుని దాచిపెడుతుంది.

ఏం చేయాలంటే: ముందు రాత్రి భాగానికి ఆర్‌ఎఫ్‌ను 24కు పెంచి చూడండి. ఆర్‌ఎఫ్ 6 పెరిగితే సైజు దాదాపు సగమవుతుంది. ఆ లెక్కన ఒక్కో అంకెకు 11 శాతం తగ్గుదల. 22 నుంచి 24కు వెళ్తే మీ 3.9 జీబీ సుమారు 3.1 జీబీ అవ్వాలి. 1080పీకి 20 నుంచి 24 మధ్య ఎక్కడ పెట్టినా ఫర్వాలేదు. రెండోది, ఫిల్టర్స్ ట్యాబ్‌లో డీనాయిస్ కింద హెచ్‌క్యూడీఎన్3డీ ఎంచుకుని లైట్ పెట్టండి. ఎన్‌ఎల్‌మీన్స్ ఇంకా బాగా పనిచేస్తుంది కానీ ఎన్‌కోడింగ్ వేగం బాగా పడిపోతుంది, సీజన్‌లో వరసగా పెళ్లిళ్లు ఉన్న స్టూడియోకు అది కుదరదు. డీనాయిస్ గట్టిగా పెడితే ముఖాలు మైనంలా నున్నగా అవుతాయి, జరీ అల్లిక చెరిగిపోతుంది. కాబట్టి మొత్తం వీడియో ఎక్కించే ముందు రేంజ్ దగ్గర సెకన్లు ఎంచుకుని, అన్నిటికన్నా చీకటిగా ఉన్న చోట ఒక 60 సెకన్ల ముక్క చేసి టీవీలోనే చూడండి. మూడోది, ఏ కొద్ది నిమిషాలో బిట్‌రేట్ 25, 30 మెగాబిట్లకు ఎగిరి టీవీలో వీడియో ఆగి ఆగి వస్తుంటే, వీడియో ట్యాబ్ అడుగున అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ గడిలో వీబీవీ మ్యాక్స్‌రేట్ 12000, వీబీవీ బఫ్‌సైజ్ 24000 అని కట్టడి పెట్టండి. నాణ్యత ఆర్‌ఎఫ్ ప్రకారమే నడుస్తుంది, ఆ హద్దు దాటబోయిన చోట మాత్రమే తగ్గుతుంది.

షూటింగ్ దగ్గరే చేయగలిగింది ఒకటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. 25 ఫ్రేముల్లో తీస్తూ షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే లైట్ల మినుకు పెద్దగా రికార్డవ్వదు. 1/60, 1/125 లాంటివి పెడితే వెలుగు కొంచెం మారుతూ ఉండొచ్చు. కంటికి పెద్దగా ఆనకపోయినా ఎన్‌కోడర్‌కు తెరంతా మారినట్టే.

ప్రశ్న: 3 గంటల 10 నిమిషాల పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అవ్వడం లేదు. పెన్‌డ్రైవ్ 32 జీబీ, ఫైలు 6 జీబీయే. పైగా కస్టమర్ ఒకటే ఫైలు కావాలంటున్నారు. సైజు కచ్చితంగా 4 జీబీ లోపు రావాలంటే ఎలా?
— వీడియో ఎడిటర్, తెనాలి

జవాబు: పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉంది. అందులో ఒక్క ఫైలు 4,294,967,295 బైట్లు దాటకూడదు, ఖాళీ ఎంత ఉన్నా సరే. కస్టమర్ టీవీ ఎక్స్‌ఫ్యాట్ చదివేదైతే పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసి ఉన్న ఫైలునే ఇచ్చేయండి, ఎన్‌కోడింగే అక్కర్లేదు. చిక్కల్లా పాత టీవీలతోనే. చాలావాటికి ఎఫ్‌ఏటీ32 తప్ప ఇంకోటి తెలియదు.

అలాంటప్పుడు సైజే ముఖ్యం, ఆర్‌ఎఫ్‌ను పక్కన పెట్టాలి. హద్దుకు కొంచెం ఇవతల 4100 ఎంబీ అనుకుందాం. 8తో గుణిస్తే 32,800 మెగాబిట్లు. మీ వీడియో 11,400 సెకన్లు. భాగిస్తే 2.877 మెగాబిట్లు, అంటే 2877 కిలోబిట్లు. ఆడియోకి 160 తీసేస్తే వీడియోకు 2717 మిగులుతుంది, 2700 వేసుకోండి. హ్యాండ్‌బ్రేక్ వీడియో ట్యాబ్‌లో యావరేజ్ బిట్‌రేట్ ఎంచుకుని 2700 రాసి, మల్టీపాస్ ఎన్‌కోడింగ్ టిక్ చేయండి. మొదటిసారి వీడియో అంతా చూసి ఎక్కడ ఎంత కష్టమో నోట్ చేసుకుంటుంది, రెండోసారి ఆ ప్రకారం బిట్‌రేట్ పంచుతుంది. ఒకే పాస్‌లో యావరేజ్ బిట్‌రేట్ పెడితే ముందేముందో తెలియదు కాబట్టి పంపకం సరిగా కుదరదు.

ఇక నాణ్యత విషయానికొస్తే, పెళ్లి వీడియోకు 1080పీ హెచ్.264లో 2700 చాలదు. తలంబ్రాల దగ్గర గళ్లు గళ్లుగా విరుగుతుంది. మా సలహా, కస్టమర్‌కు నచ్చజెప్పి రెండు ఫైళ్లుగా ఇవ్వండి. 95 నిమిషాల చొప్పున కోస్తే ఒక్కో ముక్కకు 5500 పైనే వస్తుంది, చూడటానికి హాయిగా ఉంటుంది. ఒకటే ఫైలు అని పట్టుబడితే 720పీకి దించండి. 1080పీలో ఫ్రేముకు 20,73,600 పిక్సెళ్లు, 720పీలో 9,21,600. అదే 2700 సగానికన్నా తక్కువ పిక్సెళ్లకు పంచాలి కనుక గళ్లు తగ్గుతాయి. హెచ్.265 కూడా పనికొస్తుంది కానీ ఎఫ్‌ఏటీ32 మాత్రమే చదివే టీవీ హెచ్.265 ఆడిస్తుందని ఆశపెట్టుకోకండి.

ప్రశ్న: ఓబీఎస్‌తో స్లైడ్లు చూపిస్తూ పాఠాలు రికార్డు చేస్తాను. గంట పాఠం సరిగ్గా 1.2 జీబీ వస్తోంది. ఆశ్చర్యం ఏమిటంటే ఏ పాఠమైనా, బొమ్మలున్నా లేకున్నా, గంటకు అంతే. వీడియో బిట్‌రేట్ 2500, ఆడియో 160 ఉన్నాయి. పిల్లల మొబైల్ డేటా అయిపోతోంది.
— లెక్కల మాస్టారు, అనంతపురం

జవాబు: లెక్కల మాస్టారికి లెక్క మేం చెప్పాలా! 2500, 160 కలిపి 2660 కిలోబిట్లు. 3600తో గుణించి 8తో భాగిస్తే 1197 ఎంబీ. అది మీ 1.2 జీబీ. ఓబీఎస్‌లో రేట్ కంట్రోల్ సీబీఆర్‌లో, అంటే మారని బిట్‌రేట్ పద్ధతిలో ఉంది. లైవ్ ప్రసారానికి పెట్టిన పద్ధతి అది, పంపే వేగం నిలకడగా ఉండాలి. పది నిమిషాలు ఒకే స్లైడు కదలకుండా నిలబడినా ఆ 2500 నింపాల్సిందే, అవసరం లేకపోతే ఉత్త పూరకం బిట్లు రాసి మరీ నింపుతుంది.

సెట్టింగ్స్, అవుట్‌పుట్‌లో మోడ్‌ను అడ్వాన్స్‌డ్‌కు మార్చి, రికార్డింగ్ ట్యాబ్‌లో ఎన్‌కోడర్ ఎక్స్264 (హెచ్.264 వీడియో తయారుచేసేది), రేట్ కంట్రోల్ సీఆర్‌ఎఫ్, విలువ 23 పెట్టండి. ఈ ఒక్క మార్పుతోనే సైజులో పెద్ద భాగం పోతుంది. వీడియో విభాగంలో ఎఫ్‌పీఎస్ 15 చాలు, స్లైడ్ల మీద పెన్నుతో రాస్తారు కనుక అంతకన్నా తగ్గిస్తే గీత తెగి తెగి కనిపిస్తుంది.

తర్వాత కీఫ్రేము దూరం. స్లైడ్ల వీడియోలో బిట్లు ఎక్కువగా పోయేది కీఫ్రేములకే, మధ్య ఫ్రేముల్లో రాయడానికి ఏమీ ఉండదు. కీఫ్రేము 150 కేబీ ఉందనుకుందాం. 2 సెకన్లకొకటి వేస్తే గంటకు 1800, అంటే 270 ఎంబీ. 10 సెకన్లకొకటి వేస్తే 360, అంటే 54 ఎంబీ. ఇంకా దూరం పెంచొచ్చు కానీ విద్యార్థి వీడియోను వెనక్కి జరిపినప్పుడు కావాల్సిన చోటికి రావడం మందకొడిగా ఉంటుంది. 10 దగ్గర ఆగండి.

ఇక్కడిదాకా వచ్చాక ఆడియో వాటా కనిపించడం మొదలవుతుంది. 160 కిలోబిట్ల స్టీరియో గంటకు 72 ఎంబీ, 64 కిలోబిట్ల మోనో 28.8 ఎంబీ. ఒక్క గొంతుకు 64 మోనో ధారాళంగా సరిపోతుంది.

రిజల్యూషన్ మాత్రం తొందరపడి తగ్గించకండి. ఘాతాంకాలు, సబ్‌స్క్రిప్టులు 720పీలో అలుక్కుపోతాయి. అలాగే నీలం స్లైడు మీద ఎర్ర అక్షరాలు వాడకండి. మామూలు వీడియోలో వెలుగు సమాచారం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది, రంగు సమాచారం మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒకటే. అందుకని సన్నటి రంగు అక్షరాల అంచులు మసకబారతాయి, బిట్‌రేట్ ఎంత పెంచినా ఆ మసక పోదు. తెలుపు మీద నలుపు, నలుపు మీద పసుపు బాగుంటాయి.

ప్రశ్న: 1990ల నాటి మా ఇంటి వీహెచ్‌ఎస్ క్యాసెట్లు క్యాప్చర్ చేయించాను. అంత మసక వీడియోకి కూడా ఎన్‌కోడ్ చేస్తే గంటకు 3 జీబీ పైన వస్తోంది, మా కొత్త ఫోన్ వీడియో కన్నా ఎక్కువ. కదిలేవాళ్ల చుట్టూ దువ్వెన పళ్లలా గీతలు కూడా. 1080పీకి పెంచితే బాగుపడుతుందా?
— విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: పెంచితే సైజు మాత్రం పెరుగుతుంది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి వీడియో 720 × 576, అంటే 4,14,720 పిక్సెళ్లు. 1080పీ సరిగ్గా దానికి 5 రెట్లు. క్యాసెట్‌లో లేని వివరం అందులోకి రాదు, ఉన్న నాయిస్ మాత్రం పెద్దదవుతుంది. 576లోనే ఉంచండి, చూపించేటప్పుడు టీవీయే పెద్దది చేసుకుంటుంది.

మసక వీడియోకు అంత సైజు రావడానికి కారణాలు మూడున్నాయి. ఒకటి టేపు నాయిస్, దాని సంగతి పైన జనగామ ప్రశ్నకు చెప్పాం. రెండోది ఆ దువ్వెన గీతలు. పాల్ వీడియోలో ఫ్రేముకు రెండు ఫీల్డులు, బేసి గీతలొకటి, సరి గీతలొకటి. రెండిటికీ మధ్య సెకనులో 50వ వంతు తేడా. ఆ రెండిటినీ కలిపి మామూలు ఫ్రేములా ఎన్‌కోడ్ చేస్తే కదిలే ప్రతి అంచూ రంపంలా అవుతుంది, ఆ రంపపు పళ్లన్నిటినీ ఎన్‌కోడర్ వివరంగానే లెక్కేసి దాచుకుంటుంది. మూడోది చిత్రం అడుగున పది గీతల మేర అడ్డంగా కొట్టుకుంటూ ఉండే పట్టీ. వీసీఆర్‌లో ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మారే చోటు అది. పాత టీవీల్లో తెర అంచు వెనక దాగి ఉండేది, ఇప్పుడు బయటపడింది.

ముందు క్యాప్చర్ 25 ఫ్రేముల పాల్‌లో జరిగిందో లేదో మీడియాఇన్ఫో అనే, ఫైలు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్‌లో చూసుకోండి. చవక యూఎస్‌బీ పరికరాలు ఎన్‌టీఎస్‌సీ (అమెరికాలో వాడిన టీవీ పద్ధతి) సెట్టింగ్‌తో వస్తుంటాయి. 480 గీతలు, 29.97 ఫ్రేములు అని కనిపిస్తే ఎన్‌కోడింగ్‌తో బాగయ్యేది కాదు, మళ్లీ క్యాప్చర్ చేయించాల్సిందే. పాల్ అయితే హ్యాండ్‌బ్రేక్‌లో డైమెన్షన్స్ ట్యాబ్‌లో అడుగు నుంచి 10 లేదా 12 గీతలు క్రాప్ చేయండి, సరి సంఖ్యే ఇవ్వాలి. ఫిల్టర్స్‌లో దువ్వెన గీతలు తీసే డీఇంటర్‌లేస్‌కు బీడబ్ల్యూడిఫ్, ప్రీసెట్ బాబ్ పెట్టి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ 50 చేయండి. రెండు ఫీల్డులూ రెండు ఫ్రేములై కదలిక టేపులో ఉన్నట్టే సాఫీగా వస్తుంది. సైజు ఇంకా తగ్గాలంటే బాబ్ వదిలేసి 25లోనే ఉంచండి. డీనాయిస్‌లో ఎన్‌ఎల్‌మీన్స్, ప్రీసెట్ లైట్, ట్యూన్ దగ్గర టేప్ అనే ఎంపికే ఉంటుంది. అన్నీ పెట్టాక ఆర్‌ఎఫ్ 20.

క్యాప్చర్ అసలు ఫైలును మాత్రం చెరపకండి, అది డీవీ ఫార్మాట్‌లో గంటకు 13 జీబీ ఉన్నా సరే. క్యాసెట్ ఏటికేడు పాడవుతుంది, మంచి డీనాయిస్ ఫిల్టర్లు మాత్రం కొత్తవి వస్తూనే ఉంటాయి.

ప్రశ్న: హెచ్.265తో సైజు సగమవుతుందని విని, ఫోన్‌లో తీసిన 600 ఎంబీ వీడియోను హెచ్.265, ఆర్‌ఎఫ్ 18తో మార్చాను. 850 ఎంబీ అయింది!
— డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: హెచ్.265 వీడియో తయారుచేసే ఎక్స్265లో 18 అంటే చాలా కఠినమైన నాణ్యత. ఆర్‌ఎఫ్ అంకె కోడెక్‌కో అర్థం. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఎక్స్264కు డిఫాల్టు 23, ఎక్స్265కు 28. చూపుకు ఈ రెండూ ఇంచుమించు సమానం, సగం సైజు మాట ఈ రెండిటి మధ్య పోలికలోనిదే. ఏవీ1 అనే ఇంకో కోడెక్‌కు వాడే ఎస్‌వీటీ ఏవీ1లో అయితే స్కేలే 63 దాకా ఉంటుంది.

ఇంకో సంగతి, మీ ఫోన్ బహుశా హెచ్.265లోనే తీసి ఉంటుంది, సెట్టింగుల్లో హెచ్‌ఈవీసీ అని ఉందేమో చూడండి. అంటే కుదించినదాన్ని మళ్లీ కుదిస్తున్నారు. తక్కువ ఆర్‌ఎఫ్ పెడితే ఫోన్ ఎన్‌కోడర్ వదిలిన మచ్చలను కూడా కొత్త ఎన్‌కోడర్ శ్రద్ధగా దాచుతుంది. అసలు ఫైలును మించిన నాణ్యత ఎలాగూ రాదు. 26 నుంచి 28 మధ్య పెట్టి చూడండి. అప్పటికీ 500 ఎంబీ కిందికి రాకపోతే అసలు ఫైలునే ఉంచుకోవడం మేలు, మార్చిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడర్ వాడి ఉంటే కూడా సైజు పెరగొచ్చు. ఎన్‌వీఎన్‌సీ, క్విక్‌సింక్ లాంటివి వేగానికి చేసినవి. అదే నాణ్యతకు ఎక్స్265 నెమ్మది ప్రీసెట్ల కన్నా ఎక్కువ బిట్లు అడుగుతాయి. వాటి నాణ్యత అంకె ఎక్స్265 ఆర్‌ఎఫ్‌తో పోల్చదగింది కాదు.

ప్రశ్న: ప్రీసెట్‌ను స్లో పెడితే నాణ్యత పెరుగుతుందా, సైజు తగ్గుతుందా?
— కరీంనగర్

జవాబు: ఆర్‌ఎఫ్ పద్ధతిలో సైజు తగ్గుతుంది, నాణ్యత దాదాపు అదే. బిట్‌రేట్ పద్ధతిలో సైజు అదే, నాణ్యత పెరుగుతుంది. నెమ్మది ప్రీసెట్ అంటే కదలికను ఎక్కువ చోట్ల, ఎక్కువ ఫ్రేముల్లో వెతకడం. అల్ట్రాఫాస్ట్ జోలికి మాత్రం పోకండి. అది బీ ఫ్రేములు, కెబాక్, డీబ్లాకింగ్ లాంటి ఎన్‌కోడర్ ఉపాయాలన్నీ ఆపేస్తుంది, ఫైలు ఉబ్బిపోతుంది. ఎక్స్264లో వెరీఫాస్ట్ ఒక్కోసారి ఫాస్ట్ కన్నా చిన్న ఫైలు ఇస్తుంది, మురిసిపోకండి, నాణ్యత కూడా తగ్గి ఉంటుంది. మీడియం లేదా స్లో పెట్టండి. అన్నిటికన్నా నెమ్మది ప్రీసెట్ ప్లాసీబో, అంటే మందు లేని ఉత్త మాత్ర, పేరే దాని సంగతి చెబుతోంది.

ప్రశ్న: వీడియోలను జిప్ చేస్తే ఒక్క ఎంబీ కూడా తగ్గడం లేదు.
— నెల్లూరు

జవాబు: తగ్గదు. జిప్ వెతికేది ఒకేలా ఉన్న బైట్ల వరసలను, వీడియో ఎన్‌కోడర్ వాటిని ముందే ఏరేసింది. కుదించకముందు 1080పీ ఫ్రేము 31,10,400 బైట్లు. 25 ఫ్రేముల లెక్కన గంటకు 280 జీబీ. అది 3 జీబీ అయ్యాక జిప్‌కు మిగిలేదేమీ లేదు. పది ఫైళ్లను ఒకటిగా కట్టి పంపడానికైతే వాడుకోండి.

ప్రశ్న: ఎంత బాగా ఎన్‌కోడ్ చేసినా వాట్సాప్‌లో పంపాక మసకగా చేరుతోంది.
— దుబాయ్

జవాబు: వీడియోగా పంపితే వాట్సాప్ తన సెట్టింగ్‌తో మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. అటాచ్ గుర్తులో గ్యాలరీ బదులు డాక్యుమెంట్ ఎంచుకుని పంపండి, 2 జీబీ దాకా ఫైలు ఉన్నదున్నట్టే వెళ్తుంది. అవతలివాళ్ల ఫోన్‌లో తెరుచుకోవడానికి ఎంపీ4లో హెచ్.264, 8 బిట్, ఆడియో ఏఏసీ ఉండేలా చూసుకోండి.